బయాప్సీ రిపోర్టులో ‘సీవైపీ11బీ2 పాజిటివ్’ అని ఉంది, క్యాన్సరేనా?

ప్రశ్న: మా అక్కకు 41 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా బీపీ ఉంది. మూడు రకాల మాత్రలు వేసినా దిగేది కాదు. పొటాషియం పదే పదే పడిపోయి కాళ్లు పట్టేసేవి. స్కాన్‌లో ఎడమ అడ్రినల్ గ్రంథిలో 1.6 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. రెండు వైపుల అడ్రినల్ సిరల్లోంచీ రక్తం తీసి పరీక్షించాక, ఎడమ గ్రంథిని లాప్రోస్కోపీలో తీసేశారు. మూడు వారాలైంది. నిన్న బయాప్సీ రిపోర్టు వచ్చింది. ‘అడ్రినల్ కార్టికల్ అడెనోమా, వైస్ స్కోరు 0, సీవైపీ11బీ2 గట్టిగా పాజిటివ్, సీవైపీ11బీ1 అక్కడక్కడా పాజిటివ్, క్రోమోగ్రానిన్ నెగెటివ్, కీ-67 ఒక శాతం లోపు’ అని రాశారు. ఇవి హార్మోన్లు తయారుచేసే ప్రోటీన్లని లాబ్‌లో చెప్పారు. పాజిటివ్ అంటే క్యాన్సరేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. అక్క ప్రోటీన్ ఉన్న తిండి మానేసింది. ఇప్పటికీ ఒక బీపీ మాత్ర వేసుకుంటోంది, పాత పొటాషియం సిరప్ కూడా తాగుతోంది. మా అమ్మకూ బీపీ ఉంది. ఇది వంశపారంపర్యమా? డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాల్సింది పది రోజుల తర్వాత.
– పేరు రాయవద్దన్న పాఠకుడు

సమాధానం: మీ అక్కయ్య రిపోర్టులో క్యాన్సర్ అని చెప్పే మాట ఒక్కటీ లేదు. అడెనోమా అంటే క్యాన్సర్ కాని గడ్డ. ముందు ఆ సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి. దాని వివరాల్లోకి వెళ్లే ముందు, మీరు చివర్లో మాటవరసకు రాసిన ఒక విషయం గురించి మాట్లాడాలి. మిగతావన్నీ పది రోజులు ఆగుతాయి, అది ఆగదు. ఆ పొటాషియం సిరప్.

ఆపరేషన్‌కి ముందు ఆ సిరప్ అవసరమే. గడ్డలోంచి ఆల్డోస్టిరాన్ అనే హార్మోను అడ్డూ అదుపూ లేకుండా వస్తుండేది. అది మూత్రపిండాల చేత ఉప్పును పట్టి ఉంచుతుంది, పొటాషియాన్ని బయటికి పంపించేస్తుంది. అందుకే బీపీ ఎక్కడం, అందుకే కాళ్లు పట్టేయడం. ఇప్పుడు గడ్డ లేదు. పైగా ఇన్నేళ్లూ ఎడమ గ్రంథి అవసరానికి మించి చేస్తుండటంతో, కుడి గ్రంథిలో ఆల్డోస్టిరాన్ చేసే కణాలు పని తగ్గించేసుకుని ఉంటాయి. అవి తిరిగి పుంజుకోవడానికి కొన్ని వారాలు, కొందరిలో నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో ఆల్డోస్టిరాన్ ఉండాల్సిన దానికన్నా తక్కువ ఉండి, పొటాషియం ఒంట్లోనే నిలిచిపోవచ్చు. దాని మీద సిరప్ కూడా పోస్తే ప్రమాదం. పొటాషియం పెరిగితే చాలాసార్లు పైకి ఏమీ తెలియదు, తెలిసేసరికి గుండె లయ తప్పుతుంది.

మామూలుగా ఆపరేషన్ అవగానే పొటాషియం మందునీ, ఆల్డోస్టిరాన్ పనిని అడ్డుకునే స్పైరనోలాక్టోన్ లాంటి మాత్రనీ ఆపేస్తారు. తర్వాత నాలుగు వారాల పాటు వారానికోసారి రక్తంలో పొటాషియం చూస్తారు. మీ ఇంట్లో పాత చీటీ ప్రకారం సిరప్ అలాగే నడుస్తోందేమోనని నా అనుమానం. కాబట్టి ఈరోజే ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఫోన్ చేసి సిరప్ సంగతి చెప్పండి, పొటాషియం పరీక్ష, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష వెంటనే చేయించండి. ఆ మిగిలిన బీపీ మాత్ర పేరు కూడా చదివి వినిపించండి. పొటాషియాన్ని పెంచే బీపీ మాత్రలు కొన్ని ఉన్నాయి, అందులో ఇదొకటా అన్నది ఆయన చూడాలి. మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. క్రియాటినిన్ కాస్త పెరిగినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు. ఆల్డోస్టిరాన్ ఎక్కువగా ఉన్నన్నాళ్లూ మూత్రపిండాలు అతిగా వడపోసి, లోపలి దెబ్బను కప్పిపుచ్చుతాయి. అది తగ్గాకే అసలు లెక్క బయటపడుతుంది. డాక్టరుకి తెలియాల్సిన విషయమే కానీ, ఆపరేషన్ వల్ల కిడ్నీ పాడైందని కాదు. ఫోన్ చేసేలోపు గుండె దడ, విపరీతమైన నీరసం, కళ్లు తిరగడం లాంటివి ఉంటే ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇక రిపోర్టు. నేను పాథాలజిస్టును, ఇలాంటి స్లైడ్లు చూడటమే నా పని. అందుకే ఈ భాగం కొంచెం ఓపిగ్గా చెబుతాను.

ఒకే మట్టి ముద్దలోంచి కుమ్మరి కుండ చేస్తాడు, మూకుడు చేస్తాడు, ప్రమిద చేస్తాడు. అడ్రినల్ గ్రంథి పై పొరలో, అంటే కార్టెక్స్‌లో, ఆ మట్టి కొలెస్ట్రాల్. ఆల్డోస్టిరాన్, కార్టిసాల్, పురుష హార్మోన్ల జాతికి చెందిన మరికొన్ని, అన్నీ దాన్నుంచే వస్తాయి. ఏ కణంలో ఏది తయారవుతుందో నిర్ణయించేవి అక్కడున్న ఎంజైములు. ఎంజైములంటే ప్రోటీన్లే. స్టార్ అనే ప్రోటీన్ కొలెస్ట్రాల్‌ని కణంలోని మైటోకాండ్రియా లోపలికి చేరుస్తుంది. సీవైపీ11ఏ1 దాని తోకను కోసి మొదటి రూపం ఇస్తుంది. ఇంతవరకు అన్ని హార్మోన్లకూ దారి ఒకటే. ఆ తర్వాత చీలుతుంది. సీవైపీ17ఏ1 ఉన్న కణాలు కార్టిసాల్ వైపు వెళ్తాయి, వాటిలో ఆఖరి మెట్టు ఎక్కించేది సీవైపీ11బీ1. గ్రంథి అంచున, తొడుగు కిందే ఉండే పలుచని పొరలో సీవైపీ17ఏ1 ఉండదు, దాని బదులు సీవైపీ11బీ2 ఉంటుంది. ఆల్డోస్టిరాన్ తయారీలో చివరి మెట్లన్నీ ఈ ఒక్క ఎంజైమే పూర్తిచేస్తుంది. అందుకే దీన్ని ఆల్డోస్టిరాన్ సింథేజ్ అంటారు.

కాబట్టి మీ అక్కయ్య గడ్డలో సీవైపీ11బీ2 గట్టిగా పాజిటివ్ అంటే ఆల్డోస్టిరాన్ చేసే యంత్రాంగం ఆ గడ్డలోనే ఉందని. ఎనిమిదేళ్ల బీపీకి కారణమైనది దొరికింది, దాన్ని తీసేశారు అని. రిపోర్టులో ఇంతకన్నా శుభవార్త ఉండదు. అదే ఆ గడ్డలో సీవైపీ11బీ2 నెగెటివ్ వచ్చి ఉంటే నేను ఇబ్బంది పడేవాణ్ణి. స్కాన్‌లో కనిపించిన గడ్డ అమాయకమైనదై ఉండి, అసలు దోషి పక్కనే స్కాన్‌కి అందని చిన్న బుడిపె కావడం నిజంగా జరుగుతుంది. స్కాన్ చూపించిన వైపూ, సిరల్లోంచి తీసిన రక్తం చూపించిన వైపూ మూడింట ఒకవంతు మందిలో కలవవు. మీ అక్కయ్యకు ఆపరేషన్‌కి ముందు ఆ సిరల పరీక్ష చేయించిన డాక్టరు మంచి పని చేశారు. శ్రమతో కూడిన పరీక్ష అది, చాలామంది వదిలేస్తారు.

ఈ రెండు ఎంజైములను విడివిడిగా చూడగలగడం కొత్త సంగతి. సీవైపీ11బీ1, సీవైపీ11బీ2 దాదాపు కవలలు, వాటి నిర్మాణం 93 శాతం ఒకటే. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేసే యాంటీబాడీ తయారుచేయడం అందుకే చాలాకాలం కుదరలేదు. 2010 తర్వాతే నమ్మదగినవి చేతికొచ్చాయి. ఆల్డోస్టిరాన్‌ని వేరుచేసింది 1953లో. ఆ హార్మోను ఎక్కువ చేసే అడ్రినల్ గడ్డను అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు జెరోమ్ కాన్ 1955లో వర్ణించాడు. ఆయన చూసిన రోగి 34 ఏళ్ల మహిళ, మీ అక్కయ్యలాగే బీపీ, కండరాల బాధలు, పడిపోయిన పొటాషియం. అప్పటినుంచి యాభై ఏళ్లకు పైగా పాథాలజిస్టులు గడ్డను చూసి ‘ఇదే అయ్యుంటుంది’ అనేవారే గానీ, ‘ఇదే’ అని చూపించే వీలు లేదు.

ఇప్పుడు ఎలా చూస్తామంటే, గడ్డను అడ్డంగా కోస్తే లోపల బంగారం లాంటి పసుపు రంగు, కణాల్లో నిండిన కొవ్వు వల్ల. అందులోంచి పలుచని పొర తీసి గాజు పలక మీద పెట్టి, సీవైపీ11బీ2ని మాత్రమే అంటుకునే యాంటీబాడీ వేస్తాం. అది అంటుకున్న చోట గోధుమ రంగు తేలేలా మరో రసాయనం కలుపుతాం. ఎంజైము ఉన్న కణాలు ముదురు గోధుమ రంగులో కనిపిస్తాయి, లేనివి లేత నీలంగా ఉండిపోతాయి. ఆపరేషన్‌కి ముందు స్పైరనోలాక్టోన్ వాడినవాళ్ల స్లైడులో ఇంకోటి కూడా కనిపిస్తుంది. కణాల లోపల పొరలు పొరలుగా చుట్టుకున్న చిన్న గులాబీ రంగు ఉండలు. ఆల్డోస్టిరాన్ చేసే కణాల్లోనే అవి ఏర్పడతాయి. యాంటీబాడీలు లేని రోజుల్లో మాలాంటివాళ్లకు అవే పెద్ద ఆధారం.

పాజిటివ్, నెగెటివ్ అన్నవి ఈ రంగు తేలిందా లేదా అన్న సంగతి మాత్రమే. గడ్డ చెడ్డదా మంచిదా అన్నది వేరే చోట చూస్తాం. వైస్ స్కోరు తొమ్మిది లక్షణాల లెక్క. కణాల ఆకారం ఎంత వికృతంగా ఉంది, ఎంత వేగంగా విడిపోతున్నాయి, రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయాయా లాంటివి. మూడో అంతకన్నా ఎక్కువో ఉంటే క్యాన్సర్‌గా అనుమానిస్తాం. మీ అక్కయ్యకి సున్నా. కీ-67 అంటే ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయన్న లెక్క. అది అడ్రినల్ క్యాన్సర్లలో సాధారణంగా 5 శాతం దాటుతుంది, ఇక్కడ ఒకటి కూడా లేదు. కార్టెక్స్ క్యాన్సర్ చాలా అరుదైనది, ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. అందులో ఈ ఎంజైముల తీరు కూడా వేరు. ఒక్కో కణంలో ఒక్కో ఎంజైము చెల్లాచెదురుగా ఉండి, హార్మోను సగంలోనే ఆగిపోతుంది. పూర్తికాని ఆ సరుకంతా రక్తంలోకీ మూత్రంలోకీ వస్తుంది.

క్రోమోగ్రానిన్ నెగెటివ్ అన్నది గడ్డ గ్రంథి లోపలి భాగానిది కాదని చెబుతుంది. అక్కడ అడ్రినలిన్ చేసే కణాలుంటాయి. వాటి గడ్డలు, వాటి ఎంజైములు పూర్తిగా వేరే కథ, మీకు సంబంధం లేదు.

సీవైపీ11బీ1 అక్కడక్కడా పాజిటివ్ అన్న ముక్క దగ్గర కొంచెం ఆగాలి. ఆల్డోస్టిరాన్ గడ్డల్లో ఈ రెండో ఎంజైము మచ్చలు మచ్చలుగా కనిపించడం మామూలే, చాలాసార్లు దానికి అర్థమేమీ ఉండదు. కానీ కొన్ని గడ్డలు ఆల్డోస్టిరాన్‌తో పాటు కార్టిసాల్ కూడా చేస్తాయి. అలాంటప్పుడు మిగిలిన గ్రంథి కార్టిసాల్ చేయడం కూడా తగ్గించేసి ఉంటుంది. గడ్డ తీసేశాక ఒంట్లో కార్టిసాల్ చాలకపోవచ్చు. స్లైడు చూసి దీన్ని తేల్చలేం, రక్తపరీక్ష కావాలి. ఆపరేషన్‌కి ముందు రాత్రి 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్ర ఇచ్చి మర్నాడు ఉదయం కార్టిసాల్ చూశారేమో పాత కాగితాల్లో వెతకండి. డెసీలీటరుకు 1.8 మైక్రోగ్రాములకు మించకపోతే ఈ భయం దాదాపు అక్కర్లేదు. ఆ పరీక్ష జరగలేదనుకోండి, లేదా ఇప్పుడు మీ అక్కయ్యకి ఆకలి చచ్చిపోవడం, వాంతులు, లేచి నిలబడితే తూలిపోవడం, మంచం దిగలేనంత అలసట ఉన్నాయనుకోండి, ఉదయం పూట కార్టిసాల్ పరీక్ష కూడా అడగండి. పొటాషియం పరీక్షకి ఎలాగూ రక్తం ఇస్తారు కదా, అదే రోజు ఇవ్వొచ్చు.

తిండి విషయానికొస్తే, మీ అక్కయ్యని ఈ పూట నుంచే మామూలుగా తినమనండి. మనం తినే ప్రోటీన్ పేగుల్లో ముక్కలైపోతుంది. సీవైపీ11బీ2 లాంటి ఎంజైముల్ని కణం తన జన్యువుల ఆదేశం ప్రకారం తనే తయారుచేసుకుంటుంది. ప్రోటీన్ మానేసినంత మాత్రాన అవి తగ్గవు. ఆపరేషన్ అయి మూడు వారాలే అయిన మనిషికి గాయం మానడానికి ప్రోటీన్ బాగా కావాలి, మానేస్తే నష్టం ఆవిడకే. ఈ హార్మోన్లు కొలెస్ట్రాల్ నుంచి వస్తాయని పైన రాశాను కదా అని నూనె, నెయ్యి కూడా మానేయకండి, దానివల్ల హార్మోన్ తయారీ ఆగదు. ఉప్పు సంగతి మాత్రం డాక్టర్ని అడగండి. బీపీ ఉన్నవాళ్లకి ఉప్పు తగ్గించమనడం అలవాటే కానీ, ఈ ఆపరేషన్ తర్వాత మొదటి కొన్ని వారాలు పొటాషియం పేరుకోకుండా ఉప్పు మరీ బిగించవద్దంటారు.

ఆపరేషన్ అయ్యాక కూడా బీపీ మాత్ర ఎందుకన్న నిరాశ మీ ఉత్తరంలో కనిపిస్తోంది. దోషి దొరికినప్పుడు బీపీ పూర్తిగా పోవాలి కదా అనుకోవడం సహజం. కానీ ఎనిమిదేళ్లు అధిక పీడనంలో ఉన్న రక్తనాళాలు గట్టిపడతాయి, మూడు వారాల్లో మెత్తబడవు. 2017లో పలు దేశాల నుంచి 705 మంది రోగుల వివరాలు కలిపి చూశారు. ఆపరేషన్ తర్వాత 94 శాతం మందిలో హార్మోను పూర్తిగా అదుపులోకి వచ్చింది. అయితే మాత్రలన్నీ మానేసి బీపీ మామూలుగా ఉన్నవాళ్లు 37 శాతం. మరో 47 శాతం మందికి మాత్రలు తగ్గాయి, లేదా అవే మాత్రలతో బీపీ బాగా దిగింది. మహిళలు, వయసు తక్కువ ఉన్నవాళ్లు, ముందు తక్కువ మాత్రలతో నెట్టుకొచ్చినవాళ్లు ఎక్కువ బాగుపడ్డారు. మూడు మాత్రలకు లొంగని బీపీ మూడు వారాల్లో ఒక్క మాత్రకి దిగిందంటే నాకైతే చాలా సంతోషంగా ఉంది. ఇంట్లో రోజూ ఒకే సమయానికి బీపీ చూసి రాసి పెట్టుకోండి. మాత్ర తగ్గించాలా వద్దా అన్నది ఆ లెక్క చూసే డాక్టరు నిర్ణయిస్తారు.

ఇక వంశం సంగతి. ఇలాంటి గడ్డల్లో చాలావాటికి కారణం ఆ గడ్డ కణాల్లో మాత్రమే జరిగిన జన్యు మార్పు. వాటిలో ఎక్కువగా కనిపించేది కేసీఎన్‌జే5 అనే జన్యువులో మార్పు, 2011లో బయటపడింది. మహిళల్లో, తక్కువ వయసువాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. ఈ జన్యువు కణం గోడలో పొటాషియం మాత్రమే పోయే సన్నని దారిని తయారుచేస్తుంది. అది చెడితే ఆ దారిలో సోడియం కూడా దూరుతుంది, దాని వెంట కణంలోకి కాల్షియం వస్తుంది, కాల్షియం వస్తే సీవైపీ11బీ2 తయారీ ఊపందుకుంటుంది. పుట్టుకతో వచ్చింది కాదు కాబట్టి ఇది తల్లి నుంచి బిడ్డకి, అక్క నుంచి తమ్ముడికి వెళ్లదు.

వంశపారంపర్య రకాలు లేకపోలేదు, కానీ అరుదు. వాటిలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించేది 1992లో తేలిన రకం. ఇందాక చెప్పిన కవల జన్యువులు రెండూ ఒకే క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. కొన్ని కుటుంబాల్లో అవి అతుక్కుపోయి కొత్త జన్యువు ఒకటి పుట్టింది. మొదటి సగం సీవైపీ11బీ1ది, చివరి సగం సీవైపీ11బీ2ది. దాంతో కార్టిసాల్‌కి రావాల్సిన ఆజ్ఞతో ఆల్డోస్టిరాన్ తయారవుతుంది. అలాంటి వాళ్లకి ఆపరేషన్ అవసరం లేదు, ఆ ఆజ్ఞను అణచే చిన్న మోతాదు డెక్సామెథసోన్‌తోనే బీపీ దిగుతుంది. ఇరవై ఏళ్లలోపే బీపీ రావడం, కుటుంబంలో నలభై లోపే ఎవరికైనా పక్షవాతం రావడం ఉంటే ఈ రకాన్ని అనుమానిస్తారు. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు.

అయినా మీ అమ్మగారికి పరీక్ష చేయించమనే అంటాను. బీపీ ఉన్నవాళ్లలో వందకి ఐదు నుంచి పది మందికి అసలు కారణం అధిక ఆల్డోస్టిరానే. మీ అక్కయ్యకి తెలియడానికి ఎనిమిదేళ్లు పట్టింది. బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష చేయమని హార్మోన్ వైద్య నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2025 మార్గదర్శకాల్లో సూచించింది, నేనూ పూర్తిగా ఒప్పుకుంటాను. ఉదయం లేచి కనీసం రెండు గంటలు తిరిగాక, కాసేపు కూర్చోబెట్టి రక్తం తీస్తారు. ఆల్డోస్టిరాన్, రెనిన్ రెండూ చూసి వాటి నిష్పత్తి లెక్క కడతారు. రెనిన్ అంటే ఆల్డోస్టిరాన్ చేయమని మూత్రపిండాలు పంపే సంకేతం, గడ్డ తనంతట తనే ఆల్డోస్టిరాన్ చేస్తుంటే అది అణగిపోతుంది. పొటాషియం తక్కువుంటే ముందు దాన్ని సరిచేయాలి, లేకపోతే ఫలితం తప్పుగా మామూలుగా కనిపించవచ్చు. అమ్మగారు వేసుకునే మాత్రల పేర్లు లాబ్‌కి కాదు, డాక్టరుకి చూపించండి. కొన్ని మాత్రలు ఈ లెక్కను తారుమారు చేస్తాయి. వేటిని ఎన్నాళ్లు ఆపాలో ఆయనే చెప్పాలి. మీకు బీపీ లేకపోతే ఈ పరీక్ష అక్కర్లేదు, ఏడాదికోసారి బీపీ చూపించుకోండి చాలు.

పది రోజుల తర్వాత వెళ్లినప్పుడు బయాప్సీ రిపోర్టుతో పాటు సిరల పరీక్ష కాగితాన్నీ తీసుకెళ్లి, రెండూ ఎడమ వైపునే చూపిస్తున్నాయని డాక్టరుతో ఒకసారి చూపించుకోండి. గడ్డ ఒకటేనా, చుట్టూ ఉన్న గ్రంథిలో కూడా సీవైపీ11బీ2 బుడిపెలు ఉన్నాయా అని అడగండి. ఈ రెండో మాట మీరు రాసిన రిపోర్టులో లేదు. లేకపోతే లాబ్‌లో అడిగితే చూసి చెబుతారు, ఎందుకంటే గ్రంథి ముక్కల్ని మైనపు దిమ్మల్లో ఏళ్ల తరబడి దాచి ఉంచుతారు. ఒక్క గడ్డే అయితే మళ్లీ వచ్చే అవకాశం తక్కువ. బుడిపెలు చాలా ఉంటే కుడి వైపు మీద ఒక కన్నేసి ఉంచాలి. ఎటూ ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఆల్డోస్టిరాన్, రెనిన్, పొటాషియం మళ్లీ చూస్తారు. అప్పటికి పొటాషియం మందు లేకుండానే సరిగా ఉండి, అణగిపోయిన రెనిన్ తిరిగి పైకి లేచిందంటే హార్మోను పీడ వదిలినట్టే.